ఏడో నెలలో అనకూడని మాట

నా భార్యని చూసిన ప్రతివాడూ చైనీస్‌లోనే మొదలుపెడతాడు. బస్సు డ్రైవరు, కూరలమ్మే ఆవిడ, లిఫ్టులో పక్కింటి ముసలాయన, అందరూ అంతే. అమ్ములు నవ్వి నా వైపు చూస్తుంది. నేను పాతకాలపు చైనావాళ్ళు ఇళ్ళల్లో మాట్లాడే హొక్కియన్‌లో జవాబు చెప్తాను. అప్పుడు చూడాలి ఎదుటివాళ్ళ మొహం. చైనా మొహం ఉన్నావిడ నోరు విప్పదు, నల్లగా ఉన్న నేనేమో వాళ్ళ తాత మాట్లాడినట్టు మాట్లాడతాను. పెళ్ళయిన కొత్తలో దీనికి ఇంటికెళ్ళి పడీపడీ నవ్వుకునేవాళ్ళం.

ఆ రోజు ఆసుపత్రిలో మాత్రం నవ్వు రాలేదు. కౌంటరు దగ్గరి పిల్ల చైనీస్‌లో ఏదో అడిగింది. మళ్ళీ అడిగింది. గొంతు పెంచి ఇంకోసారి అడిగింది. తరవాత కంప్యూటర్‌లో ఏదో కొట్టింది.

"ఏం రాస్తున్నావమ్మా?" అన్నాను.

"పేషెంట్ నాట్ రెస్పాండింగ్, అంకుల్."

"ఆమెకి చైనీస్ రాదు. తెలుగులో అడుగు, రెస్పాండ్ అవుతుంది."

ఆ పిల్ల నన్ను కూడా పేషెంటేమో అన్నట్టు చూసింది.

అమ్ములు చైనావాళ్ళకి పుట్టిన మాట నిజమే. కానీ పెరిగింది మా మేనత్త నూకాలమ్మ ఒళ్ళో, మలేసియాలో పెరాక్ వైపు ఒక కొబ్బరి తోటలో. ఆ రోజుల్లో అటువైపు తోటకొకరు ఉండేవాళ్ళు అలాంటి ఆడపిల్లలు. జాతకం బాగులేదనో, తిండి పెట్టలేకో చైనావాళ్ళు ఇచ్చేస్తే, మనవాళ్ళూ తమిళులూ తెచ్చుకుని పెంచుకునేవాళ్ళు. ముగ్గులేసి, చీర కట్టి, నన్ను "ఏటి బావా" అని వెక్కిరించే చైనా పిల్లనే నేను పెళ్ళి చేసుకున్నాను. నేను బడి ఎగ్గొట్టి సింగపూర్ వచ్చి తువాస్‌లో లారీ వర్క్‌షాపులో చేరినవాణ్ణి. మా తౌకే తిట్టిన తిట్లలోంచి నాకు హొక్కియన్ వచ్చింది. ఆ చైనా ఆసామికి వేరే భాషలో తిట్టడం రాదు మరి. బళ్ళో నేర్పే చైనీస్, అదే మాండరిన్, టీవీ చూసి పట్టుకున్నాను. ఏ భాషలోనూ నాకు చదువొచ్చినవాళ్ళ మాటలు రావు. ఆ సంగతి ఆ ఏడాదే బాగా తెలిసింది.

డాక్టరు కుర్రాడు. పేరు ఓంగ్. మర్యాదస్తుడే, నా మీద విసుక్కోలేదు. "ఆమెకి వినబడే గొంతులు ఏమంటున్నాయో అడగండి" అన్నాడు ఇంగ్లీషులో.

"ఏటని వినబడతాంది అమ్ములూ?"

"నాకేటి తెలుస్తాది బావా? చైనాలో కదా మాటాడుకుంటన్నారు. నువ్వయితే విని చెప్పగలవు."

డాక్టరు పెన్ను పైకెత్తి నా వైపు చూశాడు. "చైనీస్ మాట్లాడుతున్నారంట డాక్టర్. ఆమెకి అర్థం కాదంట. నన్ను అడగమంటోంది" అన్నాను.

ఎంతోమందికి ఎన్నో మాటలు మార్చి చెప్పాను. వర్క్‌షాపులో తౌకే మాట బంగ్లా కుర్రాళ్ళకి, కుర్రాళ్ళ మాట తౌకేకి. నా భార్య తలలో కూచున్నవాళ్ళ మాట మాత్రం నాకు వినబడలేదు.

మొదట్లో అమ్ములు భయపడలేదు. వంటింట్లో నిలబడి చెవి ఒగ్గి వినేది. తరవాత పొయ్యి మీద కూర మాడుతున్నా తెలిసేది కాదు. ఆ ముందువారం ఎవరో రమ్మంటున్నారని గేటు తీసుకుని వెళ్ళి, కాలవ పక్క రెయిలింగు ఎక్కబోతుంటే ఊడ్చేవాడు పట్టుకున్నాడు. వాడు కూడా ఆమెతో చైనీస్‌లోనే మాట్లాడి ఉంటాడు.

డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. మనసుకి తగిలిన పెద్ద కుదుపు వల్ల వచ్చిందయితే చిన్న మందుతో సర్దుకోవచ్చు. రక్తంలో వచ్చిందయితే పెద్ద మందు, అదీ త్వరగా మొదలెట్టాలి. ఈసారి పట్టుకునేందుకు ఊడ్చేవాడు ఉండకపోవచ్చు. "కన్నవాళ్ళ వైపు ఎవరికైనా ఇలా ఉందా? అది తెలిస్తే నాకు సగం పని అయినట్టే."

"దీన్ని చైనీస్‌లో ఏమని అడగాలి డాక్టర్?"

ఓంగ్ మొహం ఎర్రబడింది. "సారీ అంకుల్, మై చైనీస్ ఈజ్ వెరీ లౌసీ." ఫోను తీసి వెతికి నాలుగు అక్షరాలు చూపించాడు. అతనికి నోరు తిరగదు, నాకు అక్షరం రాదు. ఇద్దరం ఆ నాలుగు బొమ్మల వైపు చూస్తూ కూచున్నాం. చివరికి ఫోనే పలికింది, టీవీ వార్తలు చదివే ఆడమనిషి గొంతుతో. తలపులూ తెలివిడీ తాళం తప్పడం అని అర్థమట. వినడానికి బాగానే ఉంది, వేరే ఎవరి ఇంట్లోనో జరిగే సంగతిలా.

అమ్ములు ఫోను వైపు వంగి, "ఈవిడ కాదు బావా. మావాళ్ళు ఇలగ మాటాడరు" అంది.

కన్నవాళ్ళు దొరికి అప్పటికి ఎంతో కాలం కాలేదు. కొన్ని నెలల కిందటే, సెంగ్ అనే మనిషి మా ఫ్లాటు గేటు ముందు నిలబడి, లోపలున్న అమ్ములుని చూసి ఏడ్చేశాడు. వాళ్ళమ్మ చచ్చిపోయేలోగా, ఇచ్చేసిన కూతుర్ని చూడాలంటోందట. పెరాక్‌లో పాత దుకాణాలవాళ్ళనీ, తోటలవాళ్ళనీ అడిగి అడిగి వచ్చాడు. అమ్ములుకి తమ్ముడు, బాత్‌రూము టైల్స్ అమ్ముతాడు. ఉండేది మాకు రెండు స్టేషన్ల అవతల. ఇక్కడి చైనావాళ్ళు మనలాంటివాళ్ళని వేళాకోళంగా 'మచ్చా' అంటారు, తమిళంలో బావ అని. మొదటి రోజు సెంగ్ నన్ను అలాగే పిలిచి, నిజంగానే అక్క మొగుణ్ణని గుర్తొచ్చి నాలిక్కరుచుకున్నాడు. ఆ రోజు అందరం నవ్వాం.

వాళ్ళింటికి వెళ్తే వాళ్ళమ్మ, ముసలావిడ, అమ్ములు చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఎందుకిచ్చేశావని మేమెవరం అడగలేదు, ఆవిడే చెప్పింది. పులి సంవత్సరంలో పుట్టిన ఆడపిల్ల తండ్రికి అచ్చిరాదని జాతకం చూసినవాడు అన్నాడట. నేను తెలుగులో చెప్తే అమ్ములు మొహం విప్పారింది. ఇంటికొస్తూ ట్రైనులో అంది: "ఇన్నాళ్ళూ నాలో ఏటో లోపముందనుకున్నాను బావా. ఏటీ లేదంట. పులినంట, అంతే." ఆ తరవాత కనబడినవాళ్ళందరికీ చెప్పింది. కోపమొస్తే "నేను పులిని, జాగర్త" అని మా అమ్మాయి పునీతని బెదిరించేది.

సెంగ్ కూతురికి పెళ్ళి కుదిరింది, చైనావాళ్ళ ఎనిమిదో నెలలో. వాళ్ళ పెళ్ళిలో తాళి లేదు, టీ ఉంది. పెళ్ళికూతురు పెద్దవాళ్ళని ఒక్కొక్కరినీ కుర్చీలో కూచోబెట్టి, వరస పెట్టి పిలిచి, మోకరించి టీ ఇస్తుంది. అలా వరస పిలిపించుకుని టీ తాగినవాళ్ళే చుట్టాలు. ఆ రోజు కుర్చీ దక్కనివాడు ఎంత దగ్గరివాడైనా పరాయివాడే. ముసలావిడ అమ్ములుని చూపించి, "ఇది నీకన్నా ముందు పుట్టింది. నీకంటే ముందు దీనికి టీ ఇవ్వాలి" అంది కొడుకుతో. సెంగ్ తలూపాడు. అమ్ములు పెళ్ళికూతురికి 'ఆ కో' అవుతుంది, అంటే మన మేనత్త.

అమ్ములుకి దిగులు పట్టుకుంది, తప్పు చేస్తానేమోనని. ఒక ఆదివారం మా హాల్లో నేను పెళ్ళికూతుర్నయ్యాను. భుజం మీద తువ్వాలు వేసుకుని, మోకాళ్ళు కిర్రుమంటుంటే వంగి, కాఫీ కప్పు రెండు చేతులా పట్టుకుని, "ఆ కో, టీ తాగండి" అన్నాను.

"ఒక చేత్తో తీసుకోవాలా, రెండు చేతులతోటా?"

"రెండు చేతులతో. గుటక వేసి ఇచ్చెయ్యి. కప్పంతా ఖాళీ చేసేస్తావేటి, హాకర్ సెంటర్ కాఫీ కొట్లో కూకున్నట్టు?"

పునీత సోఫా మీద దొర్లి దొర్లి నవ్వింది. "డాడీ, యూ లుక్ సో అగ్లీ బ్రైడ్ లా! మమ్మీ, ఎగైన్, ఎగైన్, నేను వీడియో తీస్తా." పునీత రాఫెల్స్ ప్లేస్‌లో ఆఫీసు పని చేస్తుంది. ఆ రోజు మాత్రం చిన్నపిల్లయిపోయింది. అమ్ములు మళ్ళీ మళ్ళీ టీ తాగింది, మళ్ళీ మళ్ళీ మేనత్త అయింది. ముదురు ఎరుపు పట్టుచీర కొన్నాం, చైనావాళ్ళకి ఎరుపు మంచిదని.

ఆ చీరకి అంచు కుట్టించేలోపే గొంతులు మొదలయ్యాయి.

డాక్టరు దగ్గర్నుంచి వచ్చేసరికి ఏడో నెల నడుస్తోంది. ప్రేతాల నెల. మా బ్లాకు కింద ఇనప డబ్బాల్లో పోయినవాళ్ళ కోసమని కాగితాలు తగలేస్తున్నారు. గడ్డి మీద నారింజ పళ్ళు, అగరొత్తులు. ఈ నెలలో చైనావాళ్ళు ఇల్లు మారరు, పెళ్ళి చెయ్యరు, చెడ్డ మాట నోట రానివ్వరు. సరిగ్గా ఈ నెలలోనే నేను పోయి వాళ్ళని ఆ మాట అడగాలి.

మా హాకర్ సెంటర్‌లో కాఫీ అమ్మే అంకుల్ నాకు పాత స్నేహితుడు. ఫోను పలికిన మాట అతనికి వినిపించాను. "ఇలా అడిగితే బాగుంటుందా?"

"ఈ మాట ఎవరికీ అర్థం కాదు" అన్నాడు పాలు కలుపుతూ. "అర్థమయ్యే మాట అన్నావో, చెంప పగులుతుంది."

అర్థమయ్యే మాట నాకు తెలుసు. వర్క్‌షాపులో రోజూ వాడేదే. బోల్టు తిరగేసి బిగించినవాణ్ణి కూడా 'సియావ్' అంటాం, పిచ్చోడా అని. తిట్టడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాని మాట. తెలుగులో మాత్రం ఏముంది? తోటలోవాళ్ళయితే గాలి సోకిందంటారు. ఇక్కడి తెలుగు సంఘంలో చదువుకున్నాయన ఒకడు, నేను పూర్తిగా చెప్పకముందే, "కొంచెం టెన్షన్ అని చెప్పండి హరిదాస్ గారూ, పెళ్ళి కావాల్సిన అమ్మాయి ఉంది కదా" అన్నాడు. అందరికీ పెళ్ళి కావాల్సిన అమ్మాయిలే ఉన్నారు.

"మరేమనమంటావు?" అన్నాను అంకుల్‌తో.

"నిద్ర పట్టడం లేదను. మావాళ్ళు అంతే అంటారు. మా బాబాయికి బతికినన్నాళ్ళూ నిద్ర పట్టలేదు. కిటికీలకి ఊచలు పెట్టించాం." కప్పు నా ముందుకు తోశాడు. "మీ ఆవిడది ఏ సంవత్సరం?"

"పులి."

"అయ్యో. మరి పెళ్ళికి రమ్మన్నారా? పులి ఏడాదివాళ్ళు పెళ్ళికూతురి గదిలో అడుగుపెట్టకూడదంటారు మా ముసలివాళ్ళు."

"వాళ్ళకా పట్టింపు లేదు" అన్నాను. నిజంగానే లేదు.

సెంగ్ ఇంటికి ఒక్కణ్ణే వెళ్ళాను. హాలు నిండా పెళ్ళి సామాను, ఎర్ర కాగితాలు, కేకుల డబ్బాల నమూనాలు. అక్కకి నిద్ర పట్టడం లేదన్నాను. "అయ్యో, జిన్సెంగ్ వేరు పంపిస్తాను, కషాయం కాచివ్వు" అన్నాడు. నిద్ర ఒక్కటే కాదన్నాను. కాలవ సంగతి చెప్పాను. చివరికి ఫోను తీసి, ఆ వార్తల ఆవిడ చేత పలికించాను. మాట సగంలో ఉండగానే సెంగ్ నా చేతిలో ఫోను మీద చెయ్యి కప్పేశాడు.

"మచ్చా, ఇది ఏడో నెల."

"జబ్బుకి నెలలున్నాయా?"

"పెళ్ళయ్యాక మాట్లాడుకుందాం. మా వంశంలో అలాంటిదేమీ లేదు. డాక్టరుకి లేదని చెప్పు."

అప్పుడు లోపల్నుంచి ముసలావిడ వచ్చింది, గోడ పట్టుకుని. అంతా విన్నట్టుంది. కొడుకు వైపు చూడలేదు. "నా కూతుర్ని ఏ డాక్టరు చూస్తున్నాడో అక్కడికి నన్ను తీసుకెళ్ళు" అంది నాతో.

ఆసుపత్రివాళ్ళ దుబాసీకి మాండరిన్ మాత్రమే వచ్చు. ముసలావిడకి హొక్కియన్ తప్ప మరోటి రాదు. హొక్కియన్ మనిషి కావాలంటే ఇంకొన్నాళ్ళు ఆగాలన్నారు. ఆగేది లేదు, నేను చెప్తానన్నాను. అలా ఆ చిన్న గదిలో అయిదుగురం కూచున్నాం. డాక్టరు, నేను, అమ్ములు, ముసలావిడ, ఆవిణ్ణి కార్లో తెచ్చిన సెంగ్. అమ్ములు మహా సంతోషంగా ఉంది. అమ్మ తన కోసం ఆసుపత్రిదాకా వచ్చింది. పక్కనే కూచుని ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటీ నిమురుతోంది.

డాక్టరు అడిగింది నేను హొక్కియన్‌లో అడిగాను. వర్క్‌షాపు మాట వాడలేదు, ఫోను మాటా వాడలేదు. "మీ ఇంట్లో ఎవరికైనా, పక్కన లేని మనుషుల మాటలు వినబడేవా?" అన్నాను, అంతే.

ముసలావిడ మెల్లగా, బజారులో చేపల ధర చెప్పినట్టు చెప్పింది.

"మా అమ్మకి వినబడేవి. ఆవిణ్ణి వెనక కొట్లో పెట్టి తాళం వేసేవాళ్ళం. నాకు ఈ పిల్ల పుట్టాక వినబడ్డాయి. పిల్లని నదిలో వెయ్యి, నదిలో వెయ్యి అని రోజంతా. ఒకరోజు రేవుదాకా తీసుకెళ్ళాను. అక్కడ మీవాళ్ళావిడ బట్టలుతుకుతోంది, తెల్లచీర కట్టుకుని. నేను వేసెయ్యకముందే ఆవిడ చేతిలో పెట్టేసి పరిగెత్తాను. పులి సంవత్సరమని తరవాత అందరం అనుకున్నాం. అలా అనుకుంటే బాగుంది."

మీవాళ్ళావిడ అంటే మా నూకాలమ్మత్త.

అమ్ములు వాళ్ళమ్మ నోటి వైపే చూస్తోంది, పాట వింటున్నట్టు.

సెంగ్ ముందుకి వంగాడు. గొంతు పెంచలేదు. హొక్కియన్‌లోనే అన్నాడు: "ఇది చెప్పకు మచ్చా. వియ్యపురాలు నర్సు. ఇలాంటి చోట్లే పనిచేస్తుంది. కంప్యూటర్‌లో పడితే ఏదో ఒక రోజు ఆమె చెవిన పడుతుంది. జాతకమని చెప్పు."

"పడదు. ఇవి బయటికి రావంటారు."

"నీకు తెలుసా, ఖాయంగా?"

నాకు తెలీదు.

"చెప్పావంటే ఆ కుర్చీ ఉండదు" అన్నాడు. "నేను వెయ్యలేను. నా కూతురు అది."

డాక్టరు మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "వాట్ ఆర్ దే సేయింగ్, అంకుల్?"

అప్పుడే ఒక నర్సు తలుపు తీసి, రక్తం తీయడానికి అమ్ములుని రమ్మంది, చైనీస్‌లోనే. నేను చెప్తే లేచింది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"ఏటంది బావా, మా అమ్మ?"

"అదే, పులి సంగతే."

"మళ్ళీనా!" అని నవ్వి వెళ్ళింది.

తలుపు మూసుకుంది. నా ఇంగ్లీషు లారీ వర్క్‌షాపు ఇంగ్లీషు. "డాక్టర్, దిస్ మదర్ ఆల్సో హియర్. బేబీ కమ్ అవుట్, దెన్ షి హియర్. వాయిస్ సే త్రో బేబీ ఇన్ రివర్. సో షి గివ్ అవే. హర్ మదర్ ఆల్సో సేమ్, లాక్ ఇన్‌సైడ్ రూమ్." ఇంతే చెప్పాను. డాక్టరు కంప్యూటర్‌లో కొడుతూ పోయాడు.

సెంగ్ లేచి వాళ్ళమ్మ చెప్పులు సరిచేసి, ఆవిణ్ణి లేవదీశాడు. ఆవిడకి ఏం జరిగిందో తెలీదు. నా బుగ్గ తట్టి, "బాగా చెప్పావా?" అనడిగింది. చెప్పానన్నాను. వరండాలో సెంగ్ ఒక్క క్షణం ఆగాడు. కోపంగా ఉంటే బాగుండును, నేనూ నాలుగు తిట్లు తిట్టేవాణ్ణి, నాకు బాగా వచ్చిన భాషది. కోపం లేదు. "నీ మనిషిని నువ్వు చూసుకున్నావు" అన్నాడు. లిఫ్టు వచ్చింది. రక్తం తీయించుకుని అమ్ములు వచ్చేసరికి వాళ్ళు లేరు. పార్కింగ్ టైము అయిపోయిందట అని చెప్పాను.

పెద్ద మందు మొదలెట్టారు. అమ్ములు పగలూ రాత్రీ పడుకుంది. లేస్తే చేతులు వణికేవి, ఒళ్ళు వచ్చింది, నడక బరువైంది. చీర జాకెట్టు కుట్లు విప్పించి పునీత మళ్ళీ కుట్టించింది. నేను సెంగ్‌కి ఫోన్ చేసేవాణ్ణి, మోగి మోగి ఆగేది. ఏడో నెల వెళ్ళిపోయింది. బ్లాకు కింద ఇనప డబ్బాలు ఎత్తేశారు. చుట్టాలందరికీ పెళ్ళి కేకుల డబ్బాతో పాటు పిలుపు కార్డు వస్తుంది వాళ్ళలో. మాకు రాలేదు.

"దే ఫర్‌గాట్, ఆర్ వాట్?" అంది పునీత. దానికి రేవు సంగతి చెప్పలేదు. దాని ఒంట్లోనూ అదే రక్తం ఉందని నేను ఏ భాషలో చెప్పాలి? "వాళ్ళ బుద్ధి అంతే" అన్నాను. "సో మీన్ లా" అంది. పోనీ, అలాగే అనుకోనీ.

పెళ్ళిరోజు అమ్ములు నాకన్నా ముందు లేచింది. ఎర్రచీర కట్టుకుని, వణికే చేతులతో బొట్టు పెట్టుకుని, తలలో పూలతో హాల్లో కుర్చీలో కూచుంది. నేను మోకరించిన రోజు కూచున్న కుర్చీయే. మందు మొదలైన దగ్గర్నుంచీ అన్నీ మరిచిపోతోంది, ఆ తేదీ మాత్రం మరవలేదు. గొంతు ఎండిపోతోందని మాటిమాటికీ నీళ్ళు తాగుతోంది.

"సెంగ్ కారు పంపుతాడా, మనమే వెళ్ళాలా?"

పునీత వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను షూ విప్పుతున్నట్టు నేల వైపు వంగాను. షూ వేసుకుని లేను.

"వెళ్ళకూడదంట అమ్ములూ. పులి ఏడాదిలో పుట్టినవాళ్ళు పెళ్ళికూతురి దగ్గరికి రాకూడదంట. వాళ్ళ ఆచారం."

ఆమె ఆలోచించింది. మందు వల్ల ఆలోచన కూడా నడకలాగే బరువుగా సాగేది.

"ముందే చెప్పలేకపోయారేటి?"

"నామోషీ పడుంటారు."

"అవున్లే. పాపం, అక్క మొహాన ఎలగ చెప్తారు?" కుర్చీలోంచి లేచి, మంచం మీద కూచుని, జడలో పూలు తీసి ఒక్కొక్కటీ పక్కన పెట్టింది. "నేను వెళ్తే ఆ పిల్లకే కదా చెడుపు. పోన్లే బావా."

పోన్లే అంది. ఏ ముప్పు పేరు చెప్పి పుట్టగానే వదిలించుకున్నామన్నారో, ఆ ముప్పు తనదేనని ఇప్పుడు తనే ఒప్పుకుంది. ఒప్పించింది నేనే. ఇంకోసారి అదే గదిలో కూచోబెట్టినా డాక్టరుకి అదే చెప్తాను, ఆమెకీ ఇదే చెప్తాను. దీని కన్నా మంచి దారి ఉందనేవాళ్ళు వచ్చి నాకు చూపించండి.

మర్నాడు మా గేటుకి ఎర్ర సంచీ వేలాడుతోంది. అందులో కేకుల డబ్బా, కార్డు లేదు. అమ్ములు డబ్బా తెరిచి, "మనకీ పంపారు చూడు" అని పునీతకి ఒకటి పెట్టింది. పునీత తినకుండా చేతిలో పట్టుకుని నిలబడింది. ఆ తరవాత ఆ ఇంటి నుంచి ఏమీ రాలేదు. ముసలావిడ ఉందో పోయిందో నాకు తెలీదు. పోతే కబురు చెప్పేవాళ్ళు లేరు.

వానలు మొదలయ్యాక మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. కౌంటరు దగ్గర కొత్త పిల్ల, చైనీస్‌లో మొదలుపెట్టింది. అమ్ములు నా వైపు చూడలేదు, నేల వైపు చూసింది.

ఓంగ్ సంతోషంగా ఉన్నాడు. "గొంతులు ఇంకా వినబడుతున్నాయేమో అడగండి."

"ఇప్పుడెవరైనా మాటాడతన్నారా అమ్ములూ?"

"లేరు. పోయారు."

"నో మోర్, డాక్టర్."

"వెరీ గుడ్! కుటుంబ చరిత్ర తెలియడం వల్లే సరైన మందు ఇవ్వగలిగాం. యూ డిడ్ వెల్, అంకుల్." మందు చీటీ మీద సంతకం పెడుతున్నాడు.

అమ్ములు నా చొక్కా చెయ్యి లాగింది. "బావా, అందులో ఒకావిడ ఉండేది. అచ్చం మా అమ్మ గొంతే. కోప్పడేది కాదు, ఊరికే మాటాడేది. మిగతావాళ్ళు పోతే పోయారు. ఆవిడొక్కర్తినీ ఉంచడానికి మందేమయినా తగ్గించగలరేమో అడుగు."

డాక్టరు తలెత్తాడు. "ఎనీథింగ్ ఎల్స్?"

"నథింగ్, డాక్టర్."

బయటికి వచ్చి బస్సు కోసం నిలబడ్డాం. వాన జల్లు మీద పడుతున్నా ఆమె పక్కకి జరగలేదు.

"ఏటన్నాడు?" అంది.

"చూద్దామన్నాడు" అన్నాను.